పద్నాలుగో పాఠంలో ఒక దెబ్బ ఎక్కువ

కిరాణా కొట్టావిడ చెప్పిందేమిటంటే, మేడ మీదావిడ తన రెండు చెవులతో తాను విందట. కింది వాటాలో ఉండే టైలరమ్మ చెవిలో పొద్దస్తమానం ఎవరో మగాడు మాట్లాడుతున్నాడట. ఫోన్లో. మొన్న ఇయర్‌ఫోన్ వైరు ఊడి ఆ గొంతు కాస్తా బయటపడిందట. "ఆఁ, అలా... ఇంకొంచెం మెల్లగా... తొందరేం లేదు... బాగుంది, మళ్ళీ ఒక్కసారి" అని వాడు మెత్తమెత్తగా చెబుతుంటే, ఈవిడ మిషను తొక్కుతూ తనలో తను నవ్వుకుంటోందట. మొగుడు చూస్తే లారీ ఎక్కి పోయాడంటే నెలకు రెండుసార్లు గాని ఇంటికి రాడు. ఇక చెప్పేదేముంది!

ఇదంతా కిరాణా కొట్టావిడ చెప్పింది ఇంకెవరితోనో కాదు, ఆ టైలరమ్మ అత్తగారితోనే. సబ్బులు పొట్లం కడుతూ, గొంతు తగ్గించి, "నాకెందుకులే పిన్నీ, నా చెవిన పడింది కాబట్టి నీ చెవిన వేస్తున్నా" అంది.

అత్తగారు పొట్లం అందుకుని సంచిలో వేసుకుంది.

"ఆ మగాడు నాకు తెలుసులే," అంది.

"తెలుసా!"

"ఎందుకు తెలీదు? బట్టతల, కాస్త పొట్ట, షుగరు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. మా కోడలికి వయొలిన్ నేర్పే మాస్టారు. కాలేజీవాళ్ళే ఆయన్ని ఫోన్లో ఎక్కించి ఇంటికి పంపిస్తారు. మేడ మీదావిడకి కూడా వినాలని సరదాగా ఉంటే చెప్పు, దరఖాస్తు కాగితం తెప్పిస్తా."

కిరాణా కొట్టావిడ గబగబా చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టేసింది.

సంగతి నిజమే. టైలరమ్మ ముప్పై ఏడేళ్ళ వయసులో డిగ్రీ చదువుతోంది. అదీ సంగీతంలో. దానికి కారణం సంగీతం మీద ప్రేమ అని చెబితే బాగుంటుంది గాని, అసలు కారణం గుడ్డ సంచులు. రెండేళ్ళ కిందట కాలేజీవాళ్ళు తమ వయొలిన్లకు ముఖమల్ లైనింగు వేసిన తొడుగులు కుట్టిపెట్టమన్నారు. కొలతకని ఒక పాత వయొలిన్ తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి పోయారు. నడుము సన్నం, భుజాలు గుండ్రం, మెడ పొడుగు. ఏ కొలతైనా ఒక్క చూపులో పట్టేసే మనిషి, దీనికి మాత్రం మూడుసార్లు టేపు పట్టాల్సివచ్చింది. టేపు జారి తీగకు తగిలింది. తీగ ఖంగుమంది. కత్తెర పక్కన పెట్టి ఇంకోసారి మీటింది. వారంలో కావలసిన పని మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మధ్యాహ్నం పూట ఆ వయొలిన్ అల్మరాలోకి పోలేదు.

తొడుగులు తీసుకోవడానికి వచ్చిన మాస్టారు తలుపు దగ్గరే ఆగిపోయి విన్నాడు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు. "నేర్చుకోలేదండి, కొలతలు తీస్తున్నా" అందావిడ. "ఇంటర్ చదివావా?" "చదివానండి. ఫస్ట్ క్లాసు. తర్వాత నాన్న పోయారు, మిషనెక్కాను." "అయితే మళ్ళీ దిగు" అన్నాడాయన.

దిగక్కర్లేకుండానే చదవొచ్చని కొత్తగా పెట్టిన కోర్సు అది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పాఠాలు ఫోన్లో వస్తాయి. శనివారం మాత్రం కాలేజీకి పోయి, మాస్టారి ముందు వాయించి, తప్పులు దిద్దించుకోవాలి. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకీ ఇల్లు వదిలి రాలేనివాళ్ళకీ కుదిరేలా చేశారు. అలా పద్దెనిమిది మంది చేరారు. వాళ్ళలో ఆస్పత్రి నర్సులున్నారు, రిటైరైన పోస్టుమాన్ ఒకాయన ఉన్నాడు, ఇంటర్ అయిపోయి నేరుగా వచ్చిన పిల్లలున్నారు. వాళ్ళందరిలోకీ గడుసుదైన కళ్ళజోడు పిల్ల ఒకతి, మొదటిరోజే టైలరమ్మ పక్కన కూర్చుని "అక్కా, నా కుర్తా భుజం జారిపోతోంది, కాస్త చూడవా" అని స్నేహం కలిపేసుకుంది.

చిక్కంతా ఆ ఫోన్లోనే వచ్చింది. పాఠాలొచ్చే యాప్‌కి ఒక గుణం ఉంది. తెర వెలుగుతూ మనిషి చూస్తుంటేనే పాఠం చదివినట్టు లెక్క. తెర ఆరితే లెక్క ఆగిపోతుంది. టైలరమ్మ తెర చూసేదెలా? చూపు సూది మీద ఉండాలి. స్కూలు యూనిఫారాల రోజుల్లో రోజుకు ముప్పై కాలర్లు తిప్పే మనిషి. అందుకని ఫోన్ తెర ఆర్పేసి గౌను జేబులో వేసుకుని, వైరు చెవిలో పెట్టుకుని, కాలితో తొక్కుతూ, చేత్తో గుడ్డ నడుపుతూ, మాస్టారి పాఠం వినేది. ఒక్కో పాఠం ఇరవై సార్లు, ముప్పై సార్లు. మధ్యాహ్నం గిరాకీ పల్చబడగానే లోపలి గదిలోకి పోయి, విన్నదాన్ని, కాలేజీవాళ్ళు చదువయ్యేదాకా వాడుకోమని ఇచ్చిన ఆ పాత వయొలిన్ మీద వెతుక్కునేది. అత్తగారు గడప మీద కూర్చుని గుండీలు కుడుతూ, "ఇందాకటిది బాగుంది, ఇది పిల్లి తోక తొక్కినట్టుంది" అని తీర్పులు చెప్పేది. ఆ తీర్పులు నూటికి తొంభైసార్లు సరిగ్గానే ఉండేవి.

కాని యాప్‌కి ఇదేమీ తెలీదు. నెలనెలా కాలేజీ గోడ మీద పట్టీ అంటించేవారు. ఎనభై శాతం పైన చూసినవాళ్ళకు పచ్చరంగు, యాభై దాటితే పసుపు, ఆ కింద ఎరుపు. పోస్టుమాన్ తాతకి నూటికి నూరు, పచ్చ. ఆయన రోజూ పొద్దున్నే పూజకు కూర్చున్నట్టు తెర ముందు కూర్చునేవాడు. టైలరమ్మకు పదకొండు శాతం. పద్దెనిమిది మందిలో ఎర్రరంగు ఒక్కరికే.

ఆ పట్టీలన్నీ చూసుకునే ఆయన్ని పిల్లలు ఆన్‌లైన్ సార్ అంటారు. పాతికేళ్ళు దాటి ఎంతో కాలేదు. చెడ్డవాడేం కాదు, అంకెలంటే అతనికి మహా నమ్మకం. టైలరమ్మని పిలిచి మర్యాదగానే చెప్పాడు.

"చూడండమ్మా, ఎరుపులో ఉన్నవాళ్ళని రెండో ఏడాదికి పంపాలంటే రూల్ వేరుగా ఉంది. మిగతావాళ్ళకి చివరి వాద్యపరీక్షలో నలభై వస్తే చాలు. మీకు డెబ్బై రావాలి. రాకపోతే ఇక్కడితో ఆపేయాలి."

"నేను వింటున్నానండి. రోజూ వింటున్నాను."

"విన్నది సిస్టమ్‌లో పడదమ్మా."

ఆవిడ దండం పెట్టి బయటికి వచ్చేసింది. ఇంటికొచ్చి అత్తగారితో చెప్పి, మిషను ముందు కూర్చుంది. చదువు ఒకసారి మధ్యలో ఆగింది. రెండోసారి కూడా ఆగితే ఇక మూడోసారంటూ ఉండదని ఆవిడకు బాగా తెలుసు. ఆ పూట బాబిన్‌లో దారం అయిపోయిందని కూడా చూసుకోకుండా ఒక మూర పొడుగు నిలవని కుట్టు కుట్టేసింది.

పరీక్షకు పెట్టింది పద్నాలుగో పాఠంలో వచ్చే బాణీ. ఆరుగురేసి మూడు జట్లుగా కలిసి వాయించాలి. వరుసకు ఎనిమిది దెబ్బల తాళం, అలాంటి వరుసలు ఏడు. మామూలుగా అయితే మాస్టారు శనివారం శనివారం కూర్చోబెట్టి జట్లను కలపాలి. కాని సరిగ్గా అప్పుడే ఆయన స్కూటర్ మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు కట్టు. చెల్లెలి ఊరికి వెళ్ళిపోయాడు. ఆ శనివారాలన్నీ ఆన్‌లైన్ సార్ మీద పడ్డాయి. ఆయనకు కంప్యూటర్ తప్ప ఏ వాద్యమూ రాదు. అందుకని ఫోన్లో వచ్చే పాఠాన్నే క్లాసులో పెద్ద తెర మీద వేసేవాడు. పద్దెనిమిది మందీ తెరకేసి చూస్తూ, తెర మీది చెయ్యి ఎలా కదిలితే అలా కమానులు కదిలించేవాళ్ళు. ఇంట్లో చూసిందే మళ్ళీ బస్సెక్కి వచ్చి చూడటమేమిటని అడగడం ఎవరికీ తోచలేదు.

టైలరమ్మకు మాత్రం ఇంట్లో ఒక వింత జరగసాగింది. కాలర్లు చెడిపోతున్నాయి. పద్నాలుగో పాఠం వింటూ కుట్టిన కాలర్లలో కుట్టు ఒక చోట వంకర పోతోంది. మొదటి రోజు సూదిని అనుమానించింది, మార్చింది. రెండో రోజు గుడ్డని అనుమానించింది. మూడో రోజు అత్తగారు పాడైన కాలర్లు మూడూ పక్కపక్కన పెట్టి చూసి, "నీ ధ్యాసే ఎక్కడో పోతోంది. అది కూడా ఒకే చోటికి పోతోంది" అంది.

టైలరమ్మ మళ్ళీ పాఠం పెట్టుకుంది. ఈసారి గుడ్డ లేకుండా ఉత్త మిషను తొక్కింది. కాలు తన మానాన తను పోతోంది. మొదటి వరుస ఎనిమిది, రెండో వరుస ఎనిమిది, మూడో వరుస ఎనిమిది. నాలుగో వరుస దగ్గర కాలు ముందుకు పోయింది, వయొలిన్ వెనకాల నిలబడింది. సరిగ్గా ఒక్క దెబ్బ. కాలూ చెవీ చెరో దారి పట్టినప్పుడల్లా చెయ్యి తడబడి కాలర్ వంకర పోతోందన్నమాట.

ఇంకోసారి విన్నది. ఆ ఆగిన చోట చిన్న చప్పుడొకటి ఉంది. సర్రున. ఇరవై ఏళ్ళుగా కాగితం మీద గీతలు గీసి కత్తిరిస్తున్న మనిషికి ఆ చప్పుడేమిటో ఒకరు చెప్పాలా?

"అత్తయ్యా, కాగితం! మాస్టారు అక్కడ పేజీ తిప్పుకున్నారు. అది పాట కాదు. పేజీ!"

"తిప్పుకుంటే తిప్పుకున్నాడు. ఆయనకు మాత్రం మూడు చేతులున్నాయా?"

"అది కాదత్తయ్యా. అందరూ ఆ పేజీని కూడా కలిపి నేర్చుకుంటున్నారు."

శనివారం క్లాసులో లేచి నిలబడి చెప్పింది. మూడో వరుస తర్వాత ఒక దెబ్బ ఎక్కువ ఉందని, అది వాయింపులోది కాదని. ఆన్‌లైన్ సార్ పాఠాన్ని వెనక్కి తిప్పి వేశాడు. ఆ చోట తెర నిండా మాస్టారి కమాను చెయ్యి తప్ప ఇంకేమీ కనబడదు. కమాను ఒక్క క్షణం గాల్లో ఆగింది, మళ్ళీ దిగింది. చూడటానికి ఎంత హుందాగా ఉందంటే, కావాలని ఆపినట్టే ఉంది.

"చూశారా, సార్ ఎంత అందంగా ఆపారో! అదే ఆ బాణీకి ప్రాణం," అన్నాడు పోస్టుమాన్ తాత. "నేనిది నూట పదిసార్లు చూశానమ్మా."

"చూశారు తాతగారూ. ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి."

ఆన్‌లైన్ సార్ నవ్వాపుకున్నాడు. "నూరు శాతం చూసినవాళ్ళకి రాని అనుమానం పదకొండు శాతానికి వచ్చిందా అమ్మా?"

క్లాసంతా గొల్లుమంది. కళ్ళజోడు పిల్ల ఒక్కతే నవ్వలేదు. టైలరమ్మ కూర్చుని, వయొలిన్‌ని తొడుగులో పెట్టుకుని, జిప్ చివరిదాకా లాక్కుంది.

ఇంటికొచ్చి కథంతా చెప్పి, "మాస్టారి ఫోన్ కలవట్లేదత్తయ్యా. పరీక్ష రోజుకి గాని రారట. నేను సరిగ్గా వాయిస్తే జట్టులో ఐదుగురు ఒక పక్క, నేనొక్కదాన్ని ఒక పక్క. చూసేవాళ్ళకి తప్పు నాదే అనిపిస్తుంది. డెబ్బై కాదు, ఏడు కూడా రావు. వాళ్ళతో కలిసి తప్పే వాయించేస్తే..." అని ఆగింది.

అత్తగారు గుండీకి ముడివేసి దారం కొరికింది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఇటుకల బట్టీలో పనిచేసింది. ఇరవైమంది వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి ఇటుకలు అందించుకునే పని.

"వరుసలో ఒకత్తి చెయ్యి ఆగిందనుకో, వెనకదాని కాలి మీద ఇటుక పడుతుంది. మేం నోటితో చెప్పుకునేవాళ్ళం కాదు. నోట్లో దుమ్ము. కాలితో నేల తన్నేవాళ్ళం. ఒక్కత్తి గట్టిగా తన్నితే ఇరవైమందీ దారికొచ్చేవాళ్ళు. నువ్వు క్లాసులో నోటితో చెప్పావు, నవ్వారు. వాళ్ళని ఇక్కడికి పిలు. కాలితో చెప్పు."

"వస్తారా?"

"ఆ కళ్ళజోడు పిల్లకి కుర్తా కుట్టడం అయిపోయిందన్నావుగా. అది వస్తుంది. ఒకత్తి వస్తే మిగతావాళ్ళు ఏం జరుగుతుందో చూద్దామని వస్తారు. మేడ మీదావిడ ఊరకే కూర్చుంటోందా?"

అత్తగారన్నట్టే జరిగింది. ఆదివారం మధ్యాహ్నం కళ్ళజోడు పిల్ల వచ్చింది. మంగళవారానికి ఇద్దరు నర్సులు, డ్యూటీ దిగి నేరుగా. బుధవారం బ్యాంకులో పనిచేసే అబ్బాయి. గురువారం తన వయొలిన్ చంకన పెట్టుకుని పోస్టుమాన్ తాత కూడా దిగాడు. "నేను వాదించడానికి వచ్చాను, ఒప్పుకోవడానికి కాదు" అని గుమ్మంలోనే చెప్పేశాడు.

"వాదన మిషనుతో పెట్టుకో అన్నయ్యా," అంది అత్తగారు, ఆయనకు స్టూలు జరుపుతూ.

గదిలో యూనిఫారాల కట్టలు ఒక మూలకు నెట్టారు. ఫోన్లన్నీ తీసి దారపు రీళ్ళ డబ్బాలో వేయించింది అత్తగారు. టైలరమ్మ మిషను మీద కూర్చుంది. సూదికి దారం లేదు, కింద గుడ్డ లేదు. కాలు కదిలింది. టకటక, టకటక. ఒకే ఊపు. ఐదుగురూ మొదలుపెట్టారు. ఒకటో వరుస, రెండో వరుస, మూడో వరుస. మిషను సాగిపోయింది. ఐదు వయొలిన్లూ ఒక్కసారిగా గాల్లో ఆగి, మళ్ళీ దిగేసరికి మిషను వాళ్ళకోసం ఆగకుండా ముందుకు పోయింది. బస్సు కదిలిపోయాక స్టాపులో నిలబడ్డవాళ్ళలా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మళ్ళీ," అంది టైలరమ్మ.

మళ్ళీ అదే చోట పడ్డారు. మూడోసారీ అంతే. నాలుగోసారి పడ్డాక కళ్ళజోడు పిల్ల కమాను దించి, "అమ్మో! అక్కా, నా చెయ్యి దానంతట అదే ఆగిపోతోంది. నేను ఆపట్లేదు. చెయ్యే ఆగుతోంది!" అంది.

పోస్టుమాన్ తాత వయొలిన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీసి, కళ్ళు మూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని తిరగేశాడు. సర్రుమంది. "నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి," అన్నాడు. "కాగితం చప్పుడు తెలుసుకోలేకపోయాను చూడు." ఆయన వాదన అంతటితో అయిపోయింది.

ఆ వారమంతా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా మిషను ఉత్తినే తిరిగింది. నేర్చుకున్నది వదిలించుకోవడం కొత్తది నేర్చుకోవడం కన్నా కష్టమైంది. సోమవారానికి నలుగురు గట్టెక్కారు. పోస్టుమాన్ తాత చెయ్యి మాత్రం మూడుసార్లకు ఒకసారి ఆ చోట ఆగిపోతూనే ఉంది. "నూట పదిసార్లు చూసిన చెయ్యమ్మా, తొందరగా మర్చిపోదు" అనేవాడు పాపం, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

పరీక్ష రోజు పరీక్షకురాలు వేరే కాలేజీ నుంచి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టు వెనక్కి లాగి ముడివేసుకున్న మనిషి. కూర్చోగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసింది. పక్కన ఆన్‌లైన్ సార్. ఇంకో పక్క మాస్టారు, కుడి చేతికి ఇంకా తెల్లటి కట్టు. తలుపు మీద సూచనలు అంటించారు. మూడోది: వాయించేటప్పుడు కాలితో చప్పుడు చేయరాదు, చేస్తే మార్కులు తగ్గుతాయి.

మొదటి జట్టు లోపలికి పోయింది. వరండాలో కూర్చున్న ఆరుగురికీ అంతా వినబడుతోంది. మూడో వరుస తర్వాత ఆరు వయొలిన్లూ ఒద్దికగా ఆగి, మళ్ళీ ఎత్తుకున్నాయి. రెండో జట్టూ అంతే. బయటికి వచ్చినవాళ్ళు "ఆవిడేం మాట్లాడలేదు, రాసుకుంటోంది, రాసుకుంటోంది" అని చెప్పి పోయారు. పోస్టుమాన్ తాత టైలరమ్మ వైపు వంగాడు.

"అమ్మా, నా చెయ్యి ఆగితే నీ ఏడాది పోతుంది. నేను కమాను తీగకు ఆనించకుండా ఊరికే ఆడించనా? నాకు నలభై వస్తే చాలు."

"వద్దు తాతగారూ," అంది టైలరమ్మ. "వాయించండి. నా కాలు చూడండి."

లోపల అర్ధచంద్రంలా ఆరు కుర్చీలు. టైలరమ్మ చివరి కుర్చీలో, తాతకు ఎదురుగా. శ్రుతి సరిచూసుకున్నారు. మొదలైంది. ఒకటో వరుస నీళ్ళ మీద పడవలా సాగింది. రెండో వరుసలో నర్సులిద్దరి కమానులూ ఒకే మనిషి చేతుల్లా లేచి పడ్డాయి. మూడో వరుస. ఐదు, ఆరు. టైలరమ్మకు తాత మోచెయ్యి బిగుసుకోవడం కనబడింది. ఏడు. కమాను పైకి లేవబోతోంది. ఎనిమిది.

టైలరమ్మ కుడికాలు లేచి నేల మీద దఢేలున పడింది.

బల్ల మీద కళ్ళజోడు కదిలింది. తాత కమాను లేవబోయిన చోటే కిందికి దిగింది. ఆరు వయొలిన్లూ మధ్యలో వెంట్రుకవాసి సందు లేకుండా నాలుగో వరుసలోకి ఉరికాయి. ఇక అక్కడినుంచి వాళ్ళు వాయించలేదు, అదే వాళ్ళని మోసుకుపోయింది. ఐదో వరుసకు తాత నవ్వుతున్నాడు. ఆరో వరుసకు కళ్ళజోడు పిల్ల కళ్ళు మూసేసుకుంది. ఏడో వరుస చివరి దెబ్బ మీద ఆరు కమానులూ ఒక్కసారి ఆగినప్పుడు, గది గోడలు ఇంకా ఒక క్షణం మోగాయి.

పరీక్షకురాలు కలం పక్కన పెట్టింది.

"పొద్దున్నుంచి రెండు జట్లు విన్నాను. మూడో వరుస చివర అందరూ తాళం తప్పారు. అది కూడా అందరూ ఒకేలా. మీ కాలేజీలో ఇదేదో ప్రత్యేకమైన పద్ధతేమో అనుకున్నాను. మీరెందుకు ఆగలేదు?"

టైలరమ్మ మాస్టారి కేసి చూసింది. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం. "అక్కడ మాస్టారు పేజీ తిప్పుకున్నారండి. వినబడుతుంది," అంది.

మాస్టారు నోరు తెరిచాడు. మెల్లగా లేచాడు. ఎడమచెయ్యి గాల్లో పట్టుకుని, లేని పుస్తకంలో లేని పేజీ తిప్పాడు. ఆ తర్వాత, కట్టు ఉందన్న సంగతి మర్చిపోయి కుడిచేత్తో నెత్తి కొట్టుకుని "అబ్బా!" అని అరిచాడు. అది నొప్పికో సిగ్గుకో ఎవరికీ తెలీలేదు గాని, ముందు నవ్వింది ఆయనే.

"తప్పు నాదేనండి," అన్నాడు పరీక్షకురాలితో. "పిల్లలది కాదు. ఆ రోజు పేజీ అంటుకుపోయింది. మళ్ళీ మొదటినుంచి రికార్డు చేయడానికి బద్ధకించాను. పద్దెనిమిది మందికి నా బద్ధకాన్ని పాఠంగా చెప్పాను. ఈవిడ ఒక్కతే దాన్ని నేర్చుకోలేదు."

మిగతా పన్నెండు మందికీ పది రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టారు. ఆ పది రోజులూ టైలరమ్మ తొక్కుడు మిషను ట్రాలీ ఆటో ఎక్కి కాలేజీకి పోయి, సంగీతం గదిలో నల్లబోర్డు పక్కన కొలువుతీరింది. మాస్టారు పాఠం చెప్పేవాడు, ఆవిడ తొక్కేది. నవ్వినవాళ్ళందరూ ఆ టకటక వెంట పరిగెత్తి పరిగెత్తి దారికొచ్చారు. పద్దెనిమిదికి పద్దెనిమిది మందీ పాసయ్యారు. పరీక్షకురాలు టైలరమ్మకు తొంభై మూడు వేసి, సూచన ప్రకారం కాలు చప్పుడుకు రెండు తగ్గించింది. తొంభై ఒకటి. అయినా క్లాసులో అదే పైమార్కు. మార్కుల కాగితం చివర "ఆ చప్పుడు చేయకపోతే ఇంకా తగ్గించేదాన్ని" అని చేత్తో రాసింది.

కాలేజీ వార్షికోత్సవంలో టైలరమ్మని వేదిక మీదికి పిలిచి, రెండో ఏడాది ప్రవేశపత్రం చేతిలో పెట్టి, ఆ పాత వయొలిన్‌ని ఇక సొంతానికే ఇచ్చేశారు. తాను కుట్టిన ముఖమల్ తొడుగులోనే ఉందది. పోస్టుమాన్ తాత చప్పట్లు కొట్టడం ఆపడేమోనని అందరూ వెనక్కి తిరిగి చూశారు. సెలవు పెట్టి వచ్చిన లారీ మొగుడు, చివరి వరుసలో నిలబడి, నాలుగు వందల మంది ముందు ఒక్క ఈల వేశాడు. మేడ మీదావిడ కూడా వచ్చింది. మాస్టారు మైకులో "బాగుంది, చాలా బాగుంది" అనగానే ఉలిక్కిపడి, "ఇదే గొంతు!" అని కిరాణా కొట్టావిడ మోచెయ్యి పట్టుకుంది. కిరాణా కొట్టావిడ అటు తిరిగి కూర్చుంది.

కార్యక్రమం అయ్యాక ఆన్‌లైన్ సార్ స్వయంగా అత్తగారి కుర్చీ దగ్గరికి వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు, మాస్టారు, ఇంకో నలుగురు లెక్చరర్లు వెనకాలే ఉన్నారు. గోడ మీద పెద్ద తెరలో ఈ ఏడాది ఫలితాల పట్టీ వేశారు. అన్నిటికన్నా పైన టైలరమ్మ వరుస. పక్కనే తొంభై ఒకటి. ఆ పక్క గడి మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.

అత్తగారు వేలెత్తి చూపించింది. "అదేమిటి నాయనా, ఇంకా అలాగే ఉంచారు?"

"మార్చాలని చాలా ప్రయత్నించానమ్మా," అన్నాడతను, నిజంగానే నొచ్చుకుంటూ. "సిస్టమ్ ఒప్పుకోవట్లేదు. అది చూసిన నిమిషాలే లెక్కపెడుతుంది. విన్నవి దానికి తెలీవు."

అత్తగారు తెరని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"అయితే ముందు దానికి చెవులు పెట్టించండి."